భోజనశాలల పనివారు – పట్టణములలో వారి నివాసము

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవిషయకమగు నొక వ్యాసమును పంపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఇట్టి సంచికలలో వంశోత్పత్తి, గోత్రప్రవరలు, పూర్వరాజులు మన పెద్దల కిచ్చిన దానశాసనములు – ఇవి పరిపాటిగ వచ్చు విషయములు. నేనును గడచిన సంవత్సరములలో నట్టివే వ్రాసితిని, చదివినవారు మెచ్చినారు. ఈ యేడు మాత్రము ఏ శాసనమునకును ఎక్కని యొక విషయమును గ్రహించితిని. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలనుండి బయలుదేరి పెద్ద పట్టణముల భోజనశాలలలో వండుచు, వడ్డించుచు బ్రదుకుచున్న మనవారు రాత్రి యెచ్చట పండుకొనుచున్నారు? వారి జీతము ఏ కాలమునందైన నొక యింటి యద్దెకు సరిపడినదా? దీనికిని చరిత్ర యుండునా యని పాఠకమహాశయులు నవ్వవచ్చును. ఉన్నది, సంగ్రహముగ మనవిచేసెదను.

శబ్దవ్యుత్పత్తి చెప్పుట నాకు ముప్పది యేండ్ల యలవాటు, క్షమింపవలెను. సంస్కృతమున 'భృ' ధాతువునకు భరించుట, పోషించుట యని యర్థము. పోషింపదగినవాడు భృత్యుడు, పోషింపదగినది భార్య, పోషణకై యిచ్చునది భృతి. మూడు మాటలును ఒక్క ధాతువు బిడ్డలే. అద్దెకు సంస్కృతమున భాటకమని పేరు. రాయలసీమవారు నేటికిని వాడుచున్న 'బాడుగ' దానినుండి వచ్చినదే. భృతికిని భాటకమునకును పొసగకపోవుటచేత భృత్యుడొక యూర, భార్య యొక యూర నుండవలసివచ్చిన వృత్తాంతమే యీ వ్యాసము.

పూర్వము మన దేశమున డబ్బు పుచ్చుకొని యన్నము పెట్టుట గొప్ప వృత్తిగ నెంచబడలేదు. బాటసారికి సత్రమును, బీదవిద్యార్థికి వారములును ఉండెడివి. గోదావరీతీరమున లంకలగన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చినవారి కులగోత్రములు విచారింపక యావజ్జీవము అన్నము పెట్టినారు. ఆమె పేరెరుగనివారు మన ప్రాంతమున లేరు. అయినను పూటకూటి యిండ్లు లేకపోలేదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటి భోజనవర్ణన కలదు. వంటకముల పేళ్ళేగాక, వాని వెల యొక రూకయని కూడ కవి తెలిపినాడు. వడ్డించినవారెవరో, వారు రాత్రి యెచ్చట నొరిగిరో తెలుపలేదు. తెలుపవలసిన యగత్యమును లేదు. ఇల్లే భోజనశాల, ఇంటివారే పనివారు. గురజాడవారి కన్యాశుల్కమునందలి (1897) పూటకూళ్ళమ్మ సంగతియు నంతే. అన్నమమ్మినవారికి ఇంటియద్దె బాధ యప్పటికి పుట్టలేదు.

ఆ బాధ రైలుతో వచ్చినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ యానకట్టయు పూర్తియై కాలువలు పారినవి. 1893–96 సంవత్సరముల నడుమ బెజవాడనుండి కటకము దాక ఇనుపదారి పడినది. ఏలూరును, తాడేపల్లిగూడెమును ఆ దారిమీది స్టేషనులైనవి. ప్రయాణీకులు పెరిగిరి; వారితోడనే కాఫీహోటళ్ళును పెరిగినవి. ఈ హోటలులో యజమాని వేరు, వంటవాడు వేరు, సప్లయరు వేరు, బల్ల తుడుచు కుర్రవాడు వేరు. కూలికి అన్నము వడ్డించువాడు మన చరిత్రలో నిట్లు ప్రవేశించినాడు.

ఇచ్చట హోటలు దినచర్యను కొంత విపులముగ చెప్పవలసియున్నది. ఏలయన ఈ సమస్యకు మూలము జీతముకంటె గడియారములో నున్నది. పిండి రాత్రియే రుబ్బి యుంచవలెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు పొయ్యి వెలిగింపవలెను. ఆరింటికి ఇడ్డెనలు పళ్ళెములోనికి రాకున్న బేరము ప్రక్క హోటలునకు పోవును. పదింటికి టిఫిను ముగిసినంతనే భోజనములు. మూడింటికి కొంత తెరపి; మరల సాయంకాలపు టిఫిను, రాత్రి భోజనములు. బల్లలు తుడిచి, గిన్నెలు కడిగి, నేల కడుగునప్పటికి పదునొకండు దాటును. ఇట్టి పనిలో నున్నవాడు పొయ్యికి కూతవేటు దూరమున నుండవలెనేకాని ఊరిబయట నుండుటకు వీలులేదు. కనుక యజమాని ఆ బల్లలమీదనే పండుకొనుమన్నాడు. జీతము చెప్పునప్పుడు 'తిండి, పడక మావే' అన్నాడు. నేను చదువుకొను రోజులలో తెల్లవారుజాము రైలుకై స్టేషనునకు పోవుచు, రెండేసి బల్లలు దగ్గరకు చేర్చి, తలక్రింద తువ్వాలు మడిచి పెట్టుకొని నిద్రించు కుర్రవాండ్రను ఎన్నియో మారులు చూచితిని. అది యప్పుడు నాకు వింతగ దోచలేదు.

'పడక మావే' యన్న ఆ రెండు మాటలలో నీ చరిత్ర యంతయు నిమిడియున్నది. పడక యజమానిదైనపుడు జీతమున అద్దెకు పాలు పెట్టవలసిన పనిలేదు. అద్దెకు పాలు లేని జీతముతో వేరే యిల్లు తీసికొనుట సాధ్యముకాదు. వేరే యిల్లు లేనివాడు భార్యను తెచ్చుకొనలేడు. యజమానితో మాటపట్టింపు వచ్చిన దినమున పనియు, కూడును, నీడయు నొక్కసారిగ పోవును.

ఇది మనవారు రంగూనులో ముందే యనుభవించిన సంగతి. గోదావరి, కృష్ణా, విశాఖపట్టణ మండలములవారు కాకినాడ, విశాఖ రేవులలో ఓడలెక్కి రంగూనునకు పోయి రేవులలోను, బియ్యపుమిల్లులలోను కూలిచేసిరి. 1931 జనాభా లెక్కలలో ఆ నగరజనములో సగమునకు మించి భారతీయులే. వారు వసించిన బ్యారక్కుల యిరుకును గూర్చి 1929–31 నాటి రాజకీయ శ్రామికసంఘమువారును, 1933లో రంగూనునందలి భారతీయ శ్రామికులపై ప్రత్యేకముగ నొక గ్రంథము రచించిన ఆండ్రూ అను అధికారియు వ్రాసియున్నారు. అచ్చట మేస్త్రీయే పని చూపును, మేస్త్రీయే గది చూపును, మేస్త్రీయే జీతమునుండి తన పాలు తీసికొనును. పగటిపనివాడు లేచిన చాపమీద రాత్రిపనివాడు పరుండెడివాడు. 1930 మేనెలలో రేవుకూలీల తగవు ఘోరమగు కొట్లాటగ మారినపుడు, పని పోయినవారికి తల దాచుకొనుటకు చోటు చిక్కలేదు. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడగా, 1942లో లక్షలజనులు కాలినడకను అడవులు దాటి తిరిగివచ్చిరి. వారు వడ్డనవారు కారు, మూటలు మోసినవారు. ఐనను కూలియు నీడయు నొక్కచేతిలో నుండుటవలని ఫలమేమో వారి కథవలన తెలియును.

స్వదేశమున శాసనము లేమిచేసినవి? 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము ముఖ్యముగ కర్మాగారములకును, రైల్వేలకును ఏర్పడినది. యజమాని వసతి యిచ్చినచో దానికై జీతమున కోతపెట్టుటను అది యంగీకరించినది. 1942లో వారపు సెలవుల చట్టమున హోటళ్ళ పేరు స్పష్టముగ వచ్చినది. వారమున కొకదినమైన సెలవు దొరకు దారి యేర్పడినది. 1947లో మద్రాసు దుకాణముల చట్టమును, 1948లో కనీసవేతనముల చట్టమును వచ్చినవి. 1958లో మద్రాసు రాష్ట్రమువారు భోజనశాలల పనివారికై ప్రత్యేకముగ నొక చట్టము చేసికొన్నారు. మనము 1953లోనే వేరుపడి యుంటిమి గాన అది మనకు వర్తింపలేదు. రాష్ట్రము వచ్చిన సంతోషములో ఈ చిన్ననష్టమును లెక్కించినవా రున్నట్లు కానరాదు. అద్దెవిషయమున 1946, 1949 సంవత్సరముల మద్రాసు చట్టములును, 1960లో మన ఆంధ్రప్రదేశ చట్టమును వచ్చినవి. ఇవి అద్దెకున్నవానికి రక్షణ. అద్దెకే దిగలేనివానికి వీనివలన నేమి ప్రయోజనము?

ఇంకొక సంగతి. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ అధికరణమున కులమతాదులనుబట్టి అంగళ్ళలోనికి, భోజనశాలలలోనికి, హోటళ్ళలోనికి ఎవరినిగాని రానీయకుండుట కూడదని విధించినది. అంతకుముందు కులమునకొక వరుసగ వడ్డించిన హోటళ్ళను మన తాతలు చూచియున్నారు. ఆ తలుపులు తెరచుకొన్నవి. కాని ఆ యధికరణమున అద్దెయిల్లు పేర్కొనబడలేదు. కనుక 'టు-లెట్' పలక చూచి లోనికి పోయినవానిని ఇంటివారు కులమడుగుదురు, మాంసము తిందురాయని యడుగుదురు, పెండ్లియైనదా, పనియెచ్చట యని యడుగుదురు. హోటలు సప్లయరని చెప్పినపిమ్మట గది ఖాళీలేదందురు. ఇది మనవారు ఇతరులచేత పడుచున్న బాధయే. మన యిండ్లలో ఇతరులకు మనము కలిగించు బాధయు నిదియే. ఈ రెండవమాట సంచికలో నుంచవచ్చునో లేదో సంపాదకులు నిర్ణయింపవలెను.

ఇక కొల్లేటి సంగతి. కృష్ణాగోదావరుల నడిమి పల్లములో బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని పట్టియుంచి, ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు విడుచు నీ సరస్సు ఒకనాడు చేపకును, దాళ్వాపంటకును ఆటపట్టు. కాలక్రమమున చెరువులగట్లు లేచినవి. బొచ్చె, శీలావతి మంచుపెట్టెలలో హౌరాకు పోయినవి. డబ్బు కొందరికి వచ్చినది. 1999లో అయిదవ కాంటూరువరకు గల 308 చదరపు కిలోమీటర్లు పక్షిసంరక్షణ కేంద్రముగ ప్రకటింపబడినవి. 2002లో రామ్సారు పట్టికలో చేరినది. 2006లో ప్రభుత్వమువారు చెరువులగట్లను పగులగొట్టించిరి. సరస్సు బ్రదుకవలెననుట న్యాయమే. నీరు పోవు దారిని మూసిన పాపము చిన్నది కాదు. కాని గట్లు తెగినపుడు పెద్ద పెట్టుబడిదారు వేరొకచోట చెరువు త్రవ్వుకొన్నాడు. సంఘములో చిన్న వాటా గలవాని కుమారుడు హైదరాబాదు బస్సెక్కినాడు.

అట్టివారిలో నొకడు నా శిష్యుడు. పేరు చెప్పను. లంకగ్రామమునుండి పడవమీద వచ్చి, రామశబ్దమును తప్పులేకుండ చెప్పిన పిల్లవాడు. పోయిన మాఘమాసమున బంధువుల పెండ్లికై హైదరాబాదు పోయి, ఒక భోజనశాలలో కూర్చుండగా, నీళ్ళగ్లాసు పెట్టిన చేయి ఆగిపోయినది. "మాస్టారూ, నన్ను గుర్తుపట్టారాండీ?" అన్నాడు. మధ్యాహ్నపు తెరపిలో తన గదికి తీసికొనిపోయినాడు. నాలుగంతస్తుల మేడమీద రేకులు కప్పిన గది. యజమానియే అద్దె కట్టును. తొమ్మిదిమంది మనుష్యులు, గోడకు తొమ్మిది మేకులు, మేకున కొక సంచి. నాకు కూర్చుండుటకు బియ్యపు డబ్బా బోర్లించి పైన దుప్పటి పరచినాడు.

"ఇక్కడ అన్నానికి లోటు లేదండి మాస్టారూ. కాళ్ళు చాపుకోడానికే చోటు లేదండి."

భార్యయు, ఆరేండ్ల కూతురును ఏలూరులో మామగారి యింటిప్రక్క పోర్షనులో నున్నారు. నెల కొకసారి, ఒక్కొక్కప్పుడు రెండు నెలల కొకసారి పోయి చూచును. ఇచ్చటికే తెచ్చుకొనరాదా యని యడిగితిని. అతడు లెక్క చెప్పినాడు. జీతము 16,000 రూపాయలు. గది విడిచి బయట నుండెదనన్న యజమాని జీతము పెంచడు. నడచిపోదగిన దూరమున నొక గది, వంటకు మూల గలది, 8,000; కరెంటు, నీరు వేరు; అడ్వాన్సు రెండు నెలలది. ఏలూరులో తల్లిదండ్రులకు పంపునది 4,000. మిగిలిన 4,000తో ముగ్గురు తినవలెను, పాప చదువవలెను. నగరపు టంచున నైన 5,000కే దొరకును; కాని నాలుగు గంటలకు పొయ్యివద్ద నుండవలసినవానికి ఆ వేళ బస్సు లేదు. 2017లో వచ్చిన మెట్రోబండి ఉదయము ఆరు ప్రాంతముననే మొదలగును. మోటారుసైకిలు కొన్నచో దాని వాయిదా, పెట్రోలు కలిసి ఆ 3,000 తేడాను మ్రింగును. నేను పంతులును గదా, ఎక్కడనైన తప్పు దొరకునేమోయని కాగితముమీద రెండుమారులు వేసి చూచితిని. లెక్కలో తప్పు లేదు.

దగ్గర యూరనుండి వచ్చి పోవుటయు నిట్టిదే. ఏలూరునకును విజయవాడకును అరువది కిలోమీటర్లు. సీజను టిక్కెట్టు తీసికొని నిత్యము పోయివచ్చు గుమాస్తాలను, విద్యార్థులను ఎందరినో యెరుగుదుము. తాడేపల్లిగూడెమునుండియు నట్లు పోవువారు కలరు. వారి కచేరి పదింటిది. హోటలు పనివానికి ఆ రైలువేళలు చెల్లవు. 2016లో సచివాలయము వెలగపూడికి తరలివచ్చినపుడు విజయవాడ చుట్టుప్రక్కల అద్దెలు పెరిగినవి. వచ్చిన యుద్యోగులకు ఇంటియద్దె భత్యము కలదు, వారికి కాఫీ యందించినవానికి లేదు.

ఈ భత్యపు సంగతి వివరింపవలసినదే. 1957లో జరిగిన పదునైదవ భారత శ్రామిక సదస్సు కనీసవేతనమునకు కొలత లేర్పరచినది: ఆహారము, నలుగురి కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట, ప్రభుత్వ గృహనిర్మాణ పథకమునందలి కనిష్ఠవైశాల్యమునకు తగిన అద్దె, వంటచెరకు మొదలగువానికి నూటికి ఇరువది పాళ్ళు. అద్దె యనుమాట అప్పటికి శాస్త్రమున చేరినది. 2019లో పార్లమెంటు వేతనముల స్మృతిని చేసినది; అది 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినది. ఆ స్మృతికై 2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమముల ముసాయిదాలో ఇంటియద్దె, అన్నవస్త్రముల ఖర్చులో నూటికి పదియని యున్నది. అనగా అన్నవస్త్రములకు 12,000 అగు కుటుంబమునకు అద్దె 1,200. హైదరాబాదులో ఆ సొమ్మునకు వంటగది గల యిల్లు కాదు, వసతిగృహములో నెలకొక మంచమైనను రాదు. అదే ప్రభుత్వము తన యుద్యోగి హైదరాబాదులో పనిచేయునేని, ఆ నగరము ఎక్సు తరగతిలోనిదని, మూలవేతనముమీద 2017లో నూటికి 24 చొప్పునను, 2024 జనవరినుండి నూటికి 30 చొప్పునను ఇంటియద్దె భత్యమిచ్చుచున్నది. రెండు లెక్కల ఆధారములు వేరుగావచ్చును. ఐనను నగరములో నీడ ఖరీదెంతయో ప్రభుత్వమునకు తెలియదని యెవరును చెప్పజాలరు.

2020 మార్చి 24వ తేది రాత్రి దేశమంతట రాకపోకలు నిలుపుదల యని ప్రకటన వచ్చినది. హోటళ్ళు మూతపడినవి. హైదరాబాదులోని వసతిగృహములను విడిచి స్వగ్రామములకు బయలుదేరిన యువకులు మరునాడు రాష్ట్రసరిహద్దున గరికపాడు తనిఖీకేంద్రమువద్ద నిలిపివేయబడిన దృశ్యము మనమందరము చూచినదే. నా శిష్యుడు బయలుదేరలేదు. తొమ్మిదిమందియు ఆ రేకులగదిలోనే యుండిపోయిరి. "హోటలుంటేనే కదండీ మాకు అన్నం. గదిలో పొయ్యి లేదు, గిన్నె లేదు. ఊళ్ళో వాళ్ళకి వడ్డించినవాళ్ళం, వారం రోజులు బిస్కెట్లు తిన్నామండి." అద్దె నిలిచిపోయిన మూడవ నెలలో మేడయజమాని వచ్చి తాళము వేసికొన్నాడట. ఆ సంవత్సరము జూలైలో కేంద్రప్రభుత్వము వలసపనివారికి సరసమైన యద్దెయిండ్ల పథకము నొకదానిని ప్రారంభించినది. పూర్వము కట్టి ఖాళీగ నున్న ప్రభుత్వ గృహములను అద్దెకిచ్చుట అందొక భాగము. ఆలోచన మంచిది. ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను పేదలకై టిడ్కో యిండ్లు లేచినవి, అవి స్వంతమునకిచ్చునవి. ఇల్లు స్వంతవూరిలోను, పని పరాయియూరిలోను నున్నవానికి అవి తాళముపెట్టి పోవుటకే పనికివచ్చును.

ఇప్పుడు మన సంగతికి వచ్చెదను. మన పెద్దలు యాత్రికులకు సత్రములు కట్టినారు. ఇరువదవ శతాబ్దారంభమున చదువు కావలెనన్న కోరిక పుట్టినపుడు ప్రతికులమువారును విద్యార్థివసతిగృహములు కట్టించిరి. హైదరాబాదులో 1918న రాజబహదూరు వెంకటరామారెడ్డిగారు స్థాపించిన రెడ్డి హాస్టలు వానిలో ప్రసిద్ధము. దూరపుటూర బిడ్డకు చదువు చెప్పించుటకు బడియొక్కటియే చాలదు, పడకయు కావలెనని వారు గుర్తించిరి. నూరేండ్ల పిమ్మట ఆ పడకకై యెదురుచూచువాడు విద్యార్థి యొక్కడే కాడు. మన కల్యాణమండపములు ముహూర్తములు లేని నెలలలో ఖాళీగ నుండును. మూఢము వచ్చిన గబ్బిలములకు విడిది. నగరమునందలి మన భవనమున మూడవ యంతస్తులో పదునాలుగు గదులు పెండ్లివారికై యుంచబడి, సంవత్సరములో నెన్ని దినములు తెరువబడునో కోశాధికారిగారి పుస్తకమే చెప్పగలదు.

మన పోషకులలో భోజనశాలల యజమానులును గలరు. వారికి కోపము రాకూడదు. గది యిచ్చు యజమాని ఇయ్యనివానికంటె మేలే. నేను కోరునది ఆ గది యజమానిచేతిలో నుండరాదనుటయే. ఆ పదునాలుగు గదులలో పదింటికి వంటమూల కట్టించి, కుటుంబముతో నుండగోరు భోజనశాలల పనివారికి, జీతములో నైదవపాలు మించని యద్దెకు, సంఘమే నేరుగ ఇయ్యవలెను. పని మారినను గది మారనక్కరలేదు. గడువు మూడేండ్లు, తరువాత వేరొకరికి. 'ఒకసారి దిగినవారు లేవరు' అని నిరుటి సభలో నొక పెద్దమనిషి యాక్షేపించినారు. విద్యార్థులకు వసతిగృహము కట్టునాడును ఎవరో యొకరు ఈమాట యని యుందురు. ఏటేట విద్యార్థులు ఖాళీచేయుచునే యున్నారు గదా.

ఈ ప్రతిపాదనను లిఖితపూర్వకముగ కార్యవర్గమునకు పంపితిని. నిబంధనల ప్రకారము సభలో దానిని బలపరచువా రొకరు కావలెనట. నా శిష్యుడు క్రిందటి ఆదివారము టెలిఫోనుచేసి, జూనులో బడులు తెరచులోపల తెలియునా యని యడిగినాడు. పాపకు ఏలూరులో ఒకటవ తరగతి ఫీజు కట్టవలెనో మానవలెనో అతడు అప్పటికి నిశ్చయించుకొనవలసియున్నది.